ఋతువు మారే వేళ ఆక్యుపంక్చర్: కాలపట్టిక ఎవరిది, వాతావరణం ఎవరిది?

ఏడాదికి నాలుగుసార్లు, సరిగ్గా ఋతువు మారే వేళకు ఆక్యుపంక్చర్ చేయించుకుంటే ఆ కాలపు జబ్బులు దరిచేరవన్న ప్రచారం అంతర్జాలంలో విరివిగా కనిపిస్తోంది. వసంతంలో కాలేయం కోసం, వేసవిలో గుండె కోసం, శరత్తులో ఊపిరితిత్తుల కోసం, చలికాలంలో మూత్రపిండాల కోసం సూదులు వేయించుకోవాలని ఆ ప్రచారం చెబుతుంది. వినడానికి ఇది ఒకే మాటలా ఉన్నా, ఇందులో మూడు వేర్వేరు సంగతులు పెనవేసుకుని ఉన్నాయి. మొదటిది, రెండు వేల ఏళ్ల కిందట ఉత్తర చైనాలో రూపుదిద్దుకున్న ఋతు సిద్ధాంతం. రెండోది, ఆ సిద్ధాంతం ఆధారంగా అక్కడి వైద్యులు తరతరాలుగా పాటిస్తున్న కొన్ని నిర్దిష్టమైన చికిత్సలు. మూడోది, ఇటీవలి దశాబ్దాల్లో జరిగిన క్లినికల్ పరీక్షలు తేల్చిన విషయాలు. వీటిని విడదీసి చూడకపోతే సిద్ధాంతానికి ఉన్న ప్రాచీనత చికిత్సకు రుజువుగా చెలామణీ అవుతుంది. ఒక జబ్బు విషయంలో దొరికిన ఆధారం అన్ని జబ్బులకూ వర్తించినట్టు అనిపిస్తుంది.

నా అభిప్రాయాన్ని ముందే చెప్పడం న్యాయం. ఋతువును బట్టి ఆక్యుపంక్చర్ చేయించుకోవాలన్న ఆలోచనలో నిలబడే అంశం ఒకటి ఉంది. అయితే అది క్యాలెండర్‌లోని తేదీలలో లేదు. ఒక మనిషికి ఏ బాధ ఏ కాలంలో తిరగబెడుతోందో గమనించి, ఆ కాలం రాకముందే సిద్ధపడటంలో ఉంది. తేదీలు చైనావి; బాధ మనది, దాని కాలమూ మన నేలదే.

పసుపు నది లోయలో పుట్టిన పట్టిక

చైనా వైద్యానికి మూలగ్రంథంగా భావించే ‘హువాంగ్‌డి నైజింగ్’ క్రీస్తుపూర్వం రెండు, ఒకటి శతాబ్దాల ప్రాంతంలో, హాన్ వంశీయుల పాలనలో సంకలనమైందని పండితులు సాధారణంగా అంగీకరిస్తారు. ఇందులో ‘సువెన్’, ‘లింగ్‌షు’ అని రెండు భాగాలున్నాయి. సువెన్ రెండో అధ్యాయం మొత్తం నాలుగు ఋతువులలో మనిషి ఎలా నడుచుకోవాలో చెబుతుంది. వసంతంలోనూ వేసవిలోనూ ఆలస్యంగా పడుకుని పెందలాడే లేవాలి. వసంతంలో జుట్టు వదులు చేసుకుని ముంగిట్లో తీరిగ్గా నడవాలి. వేసవిలో ఎండను విసుక్కోకూడదు, కోపం తెచ్చుకోకూడదు. శరత్తులో త్వరగా పడుకుని కోడితోపాటు లేవాలి. చలికాలంలో పెందలాడే పడుకుని సూర్యుడు పైకి వచ్చాకే లేవాలి. జబ్బు ముదిరాక వైద్యం చేయడం కన్నా జబ్బు రాకముందే సరిదిద్దడం మేలన్న ప్రసిద్ధ వాక్యం ఈ అధ్యాయం చివరలోనే ఉంది. ఋతువులకూ ఆరోగ్యానికీ ముడివేసే ఈ అధ్యాయంలో సూదుల ప్రస్తావన దాదాపు లేదన్నది గమనించవలసిన విషయం. అది చెప్పేది నిద్ర, నడక, మనసు, చలి నుంచి రక్షణ గురించి మాత్రమే.

ఈ దినచర్య చుట్టూ పంచతత్త్వాల చట్రం అల్లుకుంది. వసంతానికి కట్టె, కాలేయం, గాలి. వేసవికి నిప్పు, గుండె, వేడి. వేసవి చివరి రోజులకు మన్ను, ప్లీహం, తేమ. శరత్తుకు లోహం, ఊపిరితిత్తులు, పొడితనం. చలికాలానికి నీరు, మూత్రపిండాలు, శీతలం. ఇక్కడ కాలేయం, ప్లీహం అన్న మాటలను నేటి శరీరశాస్త్రం చెప్పే అవయవాలతో యథాతథంగా సరిపోల్చకూడదు. అవి కొన్ని శరీర ధర్మాల సముదాయాలకు పెట్టిన పేర్లు. ‘వసంతంలో కాలేయానికి సూది’ అన్న ప్రకటన చూసి కాలేయ వ్యాధి నయమవుతుందని ఎవరైనా అనుకుంటే ఆ పొరపాటు ప్రమాదకరం కాగలదు.

ఈ పట్టికను అది పుట్టిన నేల మీద పెట్టి చూస్తే ఎంతో అర్థవంతంగా కనిపిస్తుంది. పసుపు నది మధ్య లోయలో చలికాలంలో నేల గడ్డకడుతుంది. వసంతంలో వాయవ్యం నుంచి దుమ్ముతో కూడిన గాలులు వీస్తాయి. జూలై, ఆగస్టుల్లో వేడీ వానా కలిసి వస్తాయి. సెప్టెంబరు దాటాక వానలు నిలిచి, ఉత్తరం నుంచి పొడిగాలి దిగి, గొంతు ఎండి దగ్గు మొదలవుతుంది. శరత్తుకు పొడితనాన్నీ ఊపిరితిత్తులనూ జతచేసినవారు తమ కళ్లెదుట జరుగుతున్నదాన్నే నమోదు చేశారు. అది ఊహాజనితం కాదు, ఒక ప్రాంతపు వాతావరణాన్ని తరతరాలు గమనించిన ఫలితం. సరిగ్గా అందువల్లే దాన్ని మరో ప్రాంతానికి తేదీలతో సహా మోసుకుపోవడం కుదరదు.

సూదుల చరిత్ర కూడా ఈ ఋతు సిద్ధాంతమంత సూటిగా సాగలేదు. హునాన్ రాష్ట్రంలోని మావాంగ్‌దుయ్ వద్ద 1973లో, క్రీస్తుపూర్వం 168లో మూసిన సమాధి నుంచి పట్టువస్త్రాల మీద రాసిన వైద్య గ్రంథాలు బయటపడ్డాయి. అందులో శరీరంలో శక్తి ప్రవహిస్తుందని చైనా వైద్యం భావించే పదకొండు మార్గాల వర్ణన ఉంది, వాటి మీద మూలికను కాల్చి సెగ పెట్టడం ఉంది, కానీ సూదులతో చేసే చికిత్స లేదు. నేడు మనం ఆక్యుపంక్చర్ అంటున్నది ఆ తరవాతి తరాలలో క్రమంగా స్థిరపడింది. ఆ మూలిక మనకు పరాయిది కాదు. మోక్సా పేరుతో వాడే ఆ మొక్క మన మాచిపత్రి జాతికి చెందినదే. వినాయక చవితి పూజలో ఇరవై ఒక్క పత్రులలో మొదట సమర్పించే మాచీపత్రాన్ని చూసినవారికి ఆ వాసన తెలుసు.

ఋతువును బట్టి సూది ఎక్కడ వేయాలి, ఎంత లోతుగా వేయాలి అన్న ప్రశ్నకు ప్రాచీన గ్రంథాలు సమాధానం చెప్పాయి కానీ, ఒకే సమాధానం చెప్పలేదు. మోచేతుల నుంచి వేళ్ల కొసల దాకా, మోకాళ్ల నుంచి కాలివేళ్ల దాకా ఒక్కో మార్గంలో సూది వేయవలసిన ఐదేసి ప్రత్యేక బిందువులను గుర్తించి, ఏ కాలంలో ఏ బిందువు వాడాలో నియమం పెట్టారు. లింగ్‌షు నలభై నాలుగో అధ్యాయం ప్రకారం వేళ్ల కొసల్లోని మొదటి బిందువును చలికాలంలో వాడాలి. హాన్ కాలపు చివరి దశకు చెందినదిగా భావించే ‘నాన్ జింగ్’ అనే గ్రంథం డెబ్భై నాలుగో ప్రశ్నకు జవాబుగా అదే బిందువును వసంతంలో వాడాలంటుంది. మిగతా నాలుగు బిందువులూ ఇదే తీరున ఒక్కో ఋతువు పక్కకు జరుగుతాయి. వ్యాఖ్యాతలు ఈ తేడాను సమన్వయం చేయడానికి శతాబ్దాల పాటు శ్రమించారు. ‘ప్రాచీన నియమం ఇదే’ అని ఎవరైనా ఒకే ఋతు పట్టికను చేతిలో పెడితే, మూలగ్రంథాలే దాని విషయంలో ఏకాభిప్రాయంతో లేవని పాఠకులు గుర్తుంచుకోవాలి. సంప్రదాయాన్ని గౌరవించడమంటే అందులోని భిన్నాభిప్రాయాలను కూడా గౌరవించడమే.

కార్తెలు, సౌర సంధులు

చైనావారు ఏడాదిని సూర్యుడి గమనాన్ని బట్టి ఇరవై నాలుగు భాగాలుగా, అంటే సౌర సంధులుగా, విభజించారు. ఒక్కో భాగం సుమారు 15 రోజులు. ఈ పద్ధతిని 2016లో యునెస్కో మానవజాతి అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. ఆక్యుపంక్చర్, మోక్సా చికిత్సలు అంతకుముందే 2010లో ఆ జాబితాలోకి వచ్చాయి. ఆ లెక్కలో వసంతం ఫిబ్రవరి 4 ప్రాంతంలో, వేసవి మే 5 ప్రాంతంలో, శరత్తు ఆగస్టు 7 ప్రాంతంలో, చలికాలం నవంబరు 7 ప్రాంతంలో మొదలవుతాయి. ఋతువు మారే వేళ ఆక్యుపంక్చర్ అని చెప్పేవారు చాలావరకు ఈ తేదీలనో, పగలూ రాత్రీ సమానంగా ఉండే విషువత్తులనో ప్రమాణంగా తీసుకుంటారు.

తెలుగు రైతుకు ఇలాంటి లెక్క కొత్తది కాదు. సూర్యుడు ఒక్కో నక్షత్రంలో ఉండే సుమారు 13, 14 రోజుల కాలాన్ని కార్తె అంటాం. చాంద్రమానపు ఆరు ఋతువుల కన్నా మన నేల తీరును కార్తెలే నిజాయితీగా చెబుతాయని నాకు అనిపిస్తుంది. పంచాంగం ప్రకారం చైత్ర వైశాఖాలు వసంత ఋతువు. కానీ వైశాఖంలో రామగుండంలోనో రెంటచింతలలోనో ఉన్నవారు దాన్ని వసంతమని ఎలా నమ్మగలరు? రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయన్న సామెత మాత్రం మే నెలాఖరు ఎండను కళ్లకు కడుతుంది. మృగశిర కార్తె జూన్ రెండో వారంలో తొలకరిని పిలుస్తుంది. బీజింగ్ సుమారు 40 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది, హైదరాబాద్ 17 డిగ్రీల మీద ఉంది. చైనా లెక్కలో ఆగస్టు 7న శరత్తు మొదలై పొడిగాలి కోసం ఎదురుచూసే వేళకు మనకు శ్రావణ మాసపు ముసురు, గోడలకు చెమ్మ. వారి శరత్తు కోసం చెప్పిన ‘పొడితనపు’ చికిత్సను ఆ రోజున ఇక్కడ చేయించుకోవడానికి ఆ సిద్ధాంతం ప్రకారం కూడా సమర్థన దొరకదు. తేమకు సంబంధించిన చికిత్సే అప్పుడు వర్తిస్తుందని దాన్ని శ్రద్ధగా చదివిన వైద్యులెవరైనా ఒప్పుకుంటారు.

ఆయుర్వేదపు ఋతుచర్య కూడా ఇదే పాఠం చెబుతుంది. గ్రీష్మంలో పేరుకున్న వాతం వర్షాకాలంలో ప్రకోపిస్తుందని, వర్షాకాలంలో పేరుకున్న పిత్తం శరత్తులో, చలికాలంలో పేరుకున్న కఫం వసంతంలో బయటపడతాయని చరకసంహిత చెబుతుంది. పేర్లు వేరు, శరీర సిద్ధాంతం వేరు. అయినా ఒక కాలంలో పడిన బీజం మరో కాలంలో బాధగా మొలకెత్తుతుందని, కాబట్టి ముందు కాలంలోనే జాగ్రత్తపడాలని రెండు సంప్రదాయాలూ విడివిడిగా గమనించాయి. మొదట్లో నేను నిలబడే అంశం అన్నది ఈ గమనింపునే.

చలికాలపు జబ్బుకు ఎండాకాలంలో వైద్యం

చైనాలో ఋతు చికిత్స అన్న మాటకు నేటికీ సజీవంగా ఉన్న అర్థం ఏమిటో చూడాలంటే జూలై, ఆగస్టు నెలల్లో అక్కడి సంప్రదాయ వైద్యశాలలకు వెళ్లాలి. ఏడాదిలో అత్యంత ఉక్కగా ఉండే ఆ రోజులను ‘సాన్‌ఫు’ అంటారు. ఏడాదిలో పగలు అతి పొడవుగా ఉండే వేసవి అయనాంతం తరవాత వచ్చే మూడో ‘గెంగ్’ రోజుతో, అంటే వారి పదిరోజుల చక్రంలోని ఏడో రోజుతో, అది మొదలవుతుంది. జూలై మధ్య నుంచి ఆగస్టు మధ్య వరకో, ఆ పైన మరి కొన్నాళ్ల వరకో కొనసాగుతుంది. ఈ రోజుల్లో ఉబ్బసం, దీర్ఘకాలిక దగ్గు, ముక్కు అలర్జీ ఉన్నవారు వైద్యశాలల్లో వరుసలు కడతారు. తెల్ల ఆవాలు, అసారం జాతి మొక్క, మరికొన్ని మూలికల పొడిని అల్లం రసంతో ముద్దచేసి, వీపు పైభాగంలో వెన్నెముకకు ఇరువైపులా ఉండే ‘ఫేషు’ వంటి ఆక్యుపంక్చర్ బిందువుల మీద కొన్ని గంటలపాటు పట్టువేస్తారు. సూది లేని ఆక్యుపంక్చర్ చికిత్స ఇది. సాన్‌ఫు మూడు విడతల్లో మూడుసార్లు, అలా వరుసగా మూడేళ్లు చేయించుకోవాలన్నది వాడుక. చలికాలంలో తిరగబెట్టే జబ్బును, శరీరంలో ఉష్ణం గరిష్ఠంగా ఉన్న వేసవిలోనే అణచాలన్నది దీని వెనుక ఉన్న తర్కం. క్వింగ్ రాజవంశ కాలపు వైద్యుడు ఝాంగ్ లు 1695లో వెలువరించిన గ్రంథంలో ఉబ్బసానికి ఈ పట్టు వర్ణన ఉంది.

హైదరాబాద్ పాఠకులకు ఇక్కడ ఒక పోలిక తట్టకుండా ఉండదు. ఏటా మృగశిర కార్తె ప్రవేశం నాడు నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో బత్తిని కుటుంబం పంచే చేప ప్రసాదం కూడా ఉబ్బసం కోసమే. అది కూడా సూర్యగమనం నిర్ణయించిన రోజునే, వరుసగా మూడేళ్లు తీసుకోవలసిందే. ఒకదాని నుంచి మరొకటి పుట్టిందని నేను అనడం లేదు. ఊపిరి ఆడని బాధ ఋతువుతో పాటు వచ్చిపోతుందని గుర్తించిన రెండు సమాజాలు, ఆ బాధ విజృంభించే కాలం రాకముందే ఒక రోజును ఎంచుకుని, మూడేళ్ల దీక్షగా దాన్ని మలచుకున్నాయి. ఈ సామ్యం మనిషి ఓర్పును గురించీ ఆశను గురించీ చెబుతుంది. రెండింటిలో ఏదీ పనిచేస్తుందనడానికి మాత్రం అది రుజువు కాదు. ఉబ్బసం తీవ్రత ఏళ్ల తరబడి తనంతట తానే హెచ్చుతగ్గులకు లోనవుతుంది, ముఖ్యంగా పిల్లల్లో. మూడేళ్లలో తగ్గిన బాధను చికిత్సకే ఆపాదించే ముందు, చికిత్స లేకపోయినా ఎంతమందికి తగ్గేదో తెలియాలి. తులనాత్మక పరీక్షలు అవసరమయ్యేది అందుకే.

సాన్‌ఫు పట్టు హానిలేనిదనీ అనలేం. ఆవాల ఘాటుకు చర్మం కంది, బొబ్బలెక్కడం సాధారణం. కొందరికి మచ్చలు మిగులుతాయి. అసారం జాతి మొక్కల్లో మూత్రపిండాలకు హానిచేసే అరిస్టొలోకిక్ ఆమ్లం ఉంటుంది. మన దేశంలో ఎవరైనా దీన్ని అనుకరించి ఇంట్లో ఆవాల పట్టు వేసుకోవడం, ముఖ్యంగా పసిపిల్లల లేత చర్మం మీద వేయడం ఎంతమాత్రం తగదు.

పరీక్షలు తేల్చినది ఏమిటి?

ఋతువుతో వచ్చే బాధల్లో ఆక్యుపంక్చర్‌ను అత్యంత శ్రద్ధగా పరీక్షించినది పుప్పొడి వల్ల వచ్చే ముక్కు అలర్జీ విషయంలో. జర్మనీలో 422 మంది రోగులతో జరిగిన ఒక పెద్ద పరీక్ష ఫలితాలు 2013లో ‘ఆనల్స్ ఆఫ్ ఇంటర్నల్ మెడిసిన్’ పత్రికలో వెలువడ్డాయి. బర్చ్ చెట్ల పుప్పొడి, గడ్డి పుప్పొడి పడనివారిని మూడు వర్గాలుగా చేశారు. మొదటి వర్గానికి ఎనిమిది వారాల్లో పన్నెండుసార్లు ఆక్యుపంక్చర్ చేశారు. రెండో వర్గానికి అన్నేసార్లూ సూదులు వేశారు కానీ, బిందువులు కాని చోట్ల, పైపైన మాత్రమే వేశారు. మూడో వర్గానికి సూదులే లేవు. అందరికీ అవసరమైతే అలర్జీకి వాడే సెటిరిజిన్ మాత్ర వేసుకునే వీలు కల్పించారు. ఎనిమిది వారాల చివర అసలు ఆక్యుపంక్చర్ పొందినవారి ఇబ్బంది మిగతా రెండు వర్గాల కన్నా తగ్గింది, మాత్రల వాడకమూ తగ్గింది. అయితే ఎంత తగ్గింది? సున్నా నుంచి ఆరు దాకా ఉండే జీవన నాణ్యత కొలమానం మీద ఉత్తుత్తి సూదులతో పోలిస్తే సుమారు 0.5, మాత్ర ఒక్కటే వాడినవారితో పోలిస్తే సుమారు 0.7. రోగికి తేడా తెలియాలంటే కనీసం అరపాయింటు మార్పు ఉండాలని ఈ రంగంలోని వారు పరిగణిస్తారు. అంటే ఫలితం సరిగ్గా ఆ గీత దగ్గరే నిలిచింది. మరో ఎనిమిది వారాలు గడిచేసరికి వర్గాల మధ్య తేడా కనిపించలేదు. ఈ మెరుగుదల వైద్యపరంగా ఎంత విలువైనదో స్పష్టంగా లేదని పరిశోధకులే రాశారు.

ఈ ఫలితాన్ని రెండు వైపుల నుంచీ వక్రీకరించేవారున్నారు. ఆక్యుపంక్చర్ రుజువైపోయిందని ఒకరు, అంతా భ్రమేనని మరొకరు. నిజానికి అది చెప్పేది చాలా పరిమితమైన విషయం: పుప్పొడి కాలం నడుస్తుండగా, వారానికి ఒకటి రెండుసార్లు చొప్పున ఎనిమిది వారాలు ఓపిగ్గా చేయించుకుంటే, ఆ కాలం వరకు కొంత ఊరట దొరకవచ్చు. ఏడాదికి నాలుగుసార్లు, విడతకొక్కసారి చేయించుకుంటే రక్షణ కలుగుతుందని ఈ పరీక్ష చెప్పలేదు. పన్నెండు సార్లు చేసిన చికిత్స ప్రభావమే రెండు నెలలకు సన్నగిల్లినప్పుడు, ఒక్కసారి వేసిన సూదులు మూడు నెలల ఋతువంతా కాపాడతాయని ఆశించడానికి ఆధారం లేదు. అమెరికాలోని చెవి, ముక్కు, గొంతు వైద్య నిపుణుల అకాడమీ 2015లో విడుదల చేసిన మార్గదర్శకాలు, మందులు కాని చికిత్స కోరుకునే ముక్కు అలర్జీ రోగులకు ఆక్యుపంక్చర్‌ను ఒక ఐచ్ఛిక మార్గంగా సూచించవచ్చని పేర్కొన్నాయి. నా దృష్టిలో అది సమతూకమైన మాట.

మిగతా విషయాల్లో పునాది ఇంకా బలహీనంగా ఉంది. జలుబు, ఫ్లూ రాకుండా ఆక్యుపంక్చర్ అడ్డుకుంటుందని నమ్మకంగా చెప్పగల ఆధారాలు లేవు; ఆ పనికి ఫ్లూ టీకా ఉంది. ఉబ్బసంలో ఊపిరితిత్తుల పనితీరు మీద నిలకడైన ప్రభావం కనబడలేదు. ‘రోగనిరోధక శక్తిని పెంచడం’ అన్న మాట కొలవడానికి వీలులేనంత విశాలమైనది. అలర్జీ ఉన్నవారి సమస్య రోగనిరోధక వ్యవస్థ తక్కువగా పనిచేయడం కాదు, అవసరం లేని చోట అతిగా స్పందించడం.

సూది శరీరంలో ఏదో మార్పు తెస్తుందన్నది మాత్రం ప్రయోగశాలల్లో కనిపిస్తూనే ఉంది. మోకాలి చిప్పకు నాలుగు వేళ్ల కింద, ముంగాలి ఎముకకు వెలుపలి వైపున ఉండే ‘జుసాన్‌లి’ బిందువును ఆరోగ్య రక్షణకు ప్రధానమైనదిగా చైనా, జపాన్ సంప్రదాయాలు రెండూ భావిస్తాయి. ఎలుకల్లో ఆ చోట సూది తిప్పినప్పుడు అడెనొసిన్ అనే రసాయనం విడుదలై నొప్పి తగ్గిందని 2010లో, అక్కడ తేలికపాటి విద్యుత్తు ఇచ్చినప్పుడు ఒక ప్రత్యేక రకపు నాడీకణాల ద్వారా మెదడు నుంచి పొట్ట దాకా సాగే వేగస్ నాడి, అడ్రినల్ గ్రంథి స్పందించి శరీరంలోని వాపు ప్రక్రియ తగ్గిందని 2021లో పరిశోధకులు చూపారు. పొట్ట మీది బిందువు వద్ద అదే ప్రయత్నం ఆ మార్గాన్ని కదిలించలేదు. చోటుకు ప్రాముఖ్యం ఉందన్న పాత మాటకు ఇది ఆసక్తికరమైన సమర్థన. కానీ ఈ ప్రయోగాల్లో ఎక్కడా ఋతువు పాత్ర లేదు.

మన కాలాలకు తగినట్టు ఆలోచిస్తే

భారత వాతావరణ శాఖ ఏడాదిని నాలుగు కాలాలుగా లెక్కిస్తుంది: జనవరి, ఫిబ్రవరి చలికాలం; మార్చి నుంచి మే దాకా వేసవి; జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి రుతుపవనాలు; అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానల తరవాతి కాలం. తెలుగు నేల మీద ముక్కు, ఊపిరి బాధలు ఈ పట్టికనే అనుసరిస్తాయి. వానాకాలంలో చెమ్మగిల్లిన గోడల బూజు, పరుపుల్లో పెరిగే దుమ్ము పురుగులు. వానలు పడ్డాక బీళ్లలో, రోడ్ల పక్కన తెల్లటి పూలతో విరగబూసే వయ్యారిభామ (పార్థీనియం) మొక్క. నవంబరు నుంచి సంక్రాంతి దాకా తెల్లవారుజామున నేలకు అంటుకుని నిలిచే మంచూ, పొగా, దుమ్మూ. జర్మనీలోని బర్చ్ చెట్టు ఇక్కడ లేదు. దుమ్ము పురుగుల వల్ల వచ్చే అలర్జీ ఒక కాలానికి పరిమితం కాకుండా ఏడాది పొడవునా సాగి, కొన్ని నెలల్లో తీవ్రమవుతుంది. కాబట్టి అక్కడి పరీక్షా ఫలితాన్ని ఇక్కడికి అన్వయించేటప్పుడు కొంత సంకోచం అవసరం.

అమెరికాలో ఉన్న తెలుగువారి లెక్క మళ్లీ వేరు. టెక్సాస్ మధ్య ప్రాంతంలో మౌంటెన్ సీడర్ పుప్పొడి డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా విజృంభిస్తుంది. అది ఏ ప్రాచీన పట్టికలోనూ లేని కాలం. తూర్పు తీరంలో ఏప్రిల్, మే నెలలు చెట్ల పుప్పొడివి. దేశం మారిన తొలి రెండు మూడేళ్లు ఏ ఇబ్బందీ లేకుండా గడిచి, ఆ తరవాత తుమ్ములు మొదలైనవారు చాలామంది. కొత్త పుప్పొడికి శరీరం అలర్జీ పెంచుకోవడానికి కొంతకాలం పడుతుంది. ఆక్యుపంక్చర్ ప్రయత్నించాలనుకునేవారు అలర్జీ పరీక్షలో తమకు ఏది పడదో తెలుసుకుని, ఆ పుప్పొడి రావడానికి రెండు మూడు వారాల ముందు మొదలుపెట్టి, కాలం ముగిసేదాకా కొనసాగించడం సబబు. ముక్కులో కొట్టుకునే స్టెరాయిడ్ స్ప్రేలను కూడా వైద్యులు ఇదే పద్ధతిలో, కాలానికి కాస్త ముందే మొదలుపెట్టమంటారు. ఆ రెండూ ఒకదానికొకటి అడ్డు కావు.

దీనికి కావలసింది రెండేళ్ల పాటు ఒక చిన్న నోటు పుస్తకం. తుమ్ములు, దగ్గు, ఆయాసం, నిద్రలేమి, కీళ్లనొప్పి ఏ వారంలో పెరిగాయో, ఆ వారంలో ఇంట్లో, ఊళ్లో ఏమి మారిందో రాసుకుంటే ఎవరి ఋతుపట్టిక వారికి తయారవుతుంది. వైద్యులకు ఆ పుస్తకం చూపిస్తే సూదులు ఎప్పుడు, ఎన్నిసార్లు అన్నది వారు దాన్ని బట్టే నిర్ణయించగలరు. దుప్పట్లు వేడినీళ్లలో ఉతకడం, చెమ్మ గోడలకు మరమ్మతు చేయించడం వంటి పనులకు ఏ చికిత్సా ప్రత్యామ్నాయం కాదన్నదీ ఆ పుస్తకమే చెబుతుంది.

ఎవరి దగ్గర, ఏ జాగ్రత్తలతో

మన దేశానికి ఆక్యుపంక్చర్ ఒక గొప్ప మానవీయ అధ్యాయం ద్వారా వచ్చింది. 1938లో జపాన్ దాడికి గురైన చైనాకు భారత జాతీయ కాంగ్రెస్ ఐదుగురు వైద్యుల బృందాన్ని పంపింది. డాక్టర్ ద్వారకానాథ్ కోట్నిస్ అక్కడే కన్నుమూశారు; బృందంలోని మరో సభ్యుడు, కలకత్తాకు చెందిన డాక్టర్ బి.కె. బసు 1950ల చివర మళ్లీ చైనా వెళ్లి ఆక్యుపంక్చర్ నేర్చుకుని వచ్చి తన నగరంలో ప్రారంభించారు. పశ్చిమ బెంగాల్, మహారాష్ట్ర ఈ వైద్యానికి ప్రత్యేక చట్టాలు చేసుకున్నాయి. కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ 2019లో దీన్ని స్వతంత్ర చికిత్సా విధానంగా గుర్తించింది. తెలుగు రాష్ట్రాల్లో ప్రకృతి వైద్యంలో బి.ఎన్.వై.ఎస్. పట్టా చదివేవారికి ఆక్యుపంక్చర్ పాఠ్యాంశంగా ఉంటుంది. వారాంతపు శిక్షణతో బోర్డు పెట్టినవారికీ, శరీర నిర్మాణం చదివి పర్యవేక్షణలో సాధన చేసినవారికీ ఉన్న తేడాను రోగి అడిగి తెలుసుకోవాలి. ఫేషు వంటి వీపు బిందువుల కింద ఊపిరితిత్తులే ఉంటాయి. సూది లోతు తప్పితే ఊపిరితిత్తి పొరలోకి గాలి చేరే ప్రమాదం ఉంది. అది అరుదైనదే, కానీ ప్రాణాంతకం కాగలదు. సూదులు ఒక్కసారి వాడి పారవేసేవే కావాలి, ప్యాకెట్ రోగి కళ్లెదుటే తెరవాలి. గర్భిణులు, రక్తం పలచబరిచే మందులు వాడేవారు, పేస్‌మేకర్ ఉన్నవారు ఆ సంగతి ముందే చెప్పాలి. పేస్‌మేకర్ ఉన్నవారికి సూదుల ద్వారా విద్యుత్తు ఇవ్వకూడదు.

ఋతువును బట్టి మారే జాగ్రత్తలు కూడా ఉన్నాయి. మన దగ్గర వీటికే ఎక్కువ ప్రాధాన్యం ఇవ్వాలి. మే నెల ఎండలో ఖాళీ కడుపుతో, నీళ్లు తాగకుండా వెళ్లి సూదులు వేయించుకుంటే కళ్లు తిరిగి పడిపోయే అవకాశం ఎక్కువ. వడదెబ్బ తగిలి మాట తడబడుతూ, ఒళ్లు కాలిపోతున్న మనిషిని ఏ సూదుల దగ్గరికీ తీసుకెళ్లకూడదు. తడిబట్టలతో చల్లబరుస్తూ 108కి ఫోన్ చేయాలి. జూలై నుంచి నవంబరు దాకా డెంగీ కాలం. ఆ నెలల్లో జ్వరం ఉన్నవారు రక్తపరీక్ష చేయించుకుని ప్లేట్‌లెట్ల సంగతి తేలేవరకు ఆక్యుపంక్చర్ వాయిదా వేసుకోవాలి. ప్లేట్‌లెట్లు పడిపోయిన శరీరంలో చిన్న సూదిపోటు కూడా ఆగని రక్తస్రావానికి దారితీయవచ్చు. ఉబ్బసం ఉన్నవారు చలికాలం రాకముందే తమ వైద్యులను కలిసి, ఏ ఇన్‌హేలర్ రోజూ వాడాలి, ఏది ఆయాసం వచ్చినప్పుడు వాడాలి, ఎంత ఆయాసానికి ఆసుపత్రికి బయలుదేరాలి అన్నవి కాగితం మీద రాయించుకోవాలి. ఆక్యుపంక్చర్ చేయించుకుంటున్నా ఆ కాగితం మారదు, ఇన్‌హేలర్ ఆగదు. ఆపమని సలహా ఇచ్చినవారి దగ్గరికి మరోసారి వెళ్లవలసిన పనిలేదు.